ట్యూబు మీది అంకె, వ్రేలి మీది కొలత

ప్రతి సంవత్సరము మే నెల 9వ తేదీ ప్రాంతమునను, మరల ఆగస్టు 3వ తేదీ ప్రాంతమునను, మధ్యాహ్నము పన్నెండు దాటిన కొద్ది నిమిషములకు, హైదరాబాదు నగరములో నిట్టనిలువుగా నాటిన కర్రకు నీడ పడదు. భూమధ్యరేఖకు ఉత్తరముగా ఇంచుమించు 17.4 డిగ్రీల అక్షాంశముపై నున్న ఈ నగరమునకు ఏటికి రెండుమారులు సూర్యుడు సరిగా నడినెత్తి మీదికి వచ్చుటయే అందుకు కారణము. కార్తెల లెక్కలో మొదటిది భరణి ముగియుచు కృత్తిక సమీపించు వేళ; రెండవది ఆశ్లేష ప్రవేశించు వేళ. రోళ్ళు పగులునని మనవారు భయపడు రోహిణి కార్తె ఈ రెంటికి నడుమ వచ్చును. అనగా ఒడలు మండించు వేడికిని, చర్మమును కమిలించు కిరణమునకును గల చుట్టరికము మనము తలచునంత దగ్గరిది కాదు. ఆ రెంటిని ఒకటిగా భావించుట వలననే సన్‌స్క్రీన్ అను లేపనమును గురించి మనలో సగము అపోహలు పుట్టినవి.

ఆ అపోహలను పరిశీలించుటకు హైటెక్ సిటీని మించిన చోటు తెలుగునాట మరియొకటి లేదు. 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిన నాటికి మాదాపూర్ పరిసరములు చాలవరకు బండరాళ్ళ గుట్టలు, పొదలు, అక్కడక్కడ చెరువులు. నేడు అక్కడినుండి గచ్చిబౌలి మీదుగా నానక్‌రాంగూడ దాక గాజుగోడల మేడలు బారులు తీరియున్నవి. వాని లోపల లక్షలకొలది యువతీయువకులు ఏసీల చల్లదనములో పనిచేయుచుండగా, వాని వెలుపల, అదే వేళకు, సెక్యూరిటీ గార్డులు, ట్రాఫిక్ పోలీసులు, కట్టడములపై పాలమూరు కూలీలు, భోజనపు పొట్లములను మోయు డెలివరీ యువకులు ఎండలో నిలిచియున్నారు. లోపలివారి సంచులలో సన్‌స్క్రీన్ ట్యూబు సామాన్యవస్తువైనది. వెలుపలివారు అది తమకొరకు పుట్టినది కాదని తలచుచున్నారు. కొన్నవారిలో చాలమంది చాలినంత పూయుట లేదు. పూయవలసినవారిలో చాలమంది కొనుట లేదు. ఈ వ్యాసమున చెప్పదలచినది ఒక్కటే: ట్యూబు మీది అంకె ప్రయోగశాలలో ఒక నిర్ణీతమైన మోతాదునకు లోబడి ఇచ్చిన మాట, ఆ మోతాదును మనము వ్రేళ్ళతో చెల్లించినప్పుడే ఆ మాట చెల్లును.

వేడి వేరు, కిరణము వేరు

1800వ సంవత్సరమున విలియం హెర్షెల్ అను ఖగోళవేత్త సూర్యకాంతిని పట్టకము గుండా రంగులుగా విడదీసి, ఎరుపునకు ఆవల కంటికి వెలుగేమియు కానరాని చోట ఉష్ణమాపకమును ఉంచగా, అది రంగులలో నుంచినప్పటికన్న హెచ్చు వేడిని చూపినది. మరుసటి సంవత్సరము జర్మనీలో యోహాన్ రిట్టర్ అను యువశాస్త్రజ్ఞుడు ఆ రంగుల వరుసకు రెండవ కొసను, ఊదా రంగునకు ఆవల, సిల్వర్ క్లోరైడును ఉంచగా అది తక్కిన చోట్లకన్న త్వరగా నల్లబడినది. మొదటివి పరారుణ కిరణములు, రెండవవి అతినీలలోహిత కిరణములు. వేడిని మన ఒడలు తక్షణమే పసిగట్టును. అతినీలలోహితమును పసిగట్టు ఇంద్రియము మనకు లేదు. చర్మము కమిలిన పిమ్మట గాని, నెలలు గడచి మచ్చ తేలిన పిమ్మట గాని అది వచ్చిపోయిన సంగతి తెలియదు.

రెంటి కాలములును వేరు. భారత ప్రామాణిక సమయము 82.5 డిగ్రీల రేఖాంశమునకు లెక్కింపబడినది. హైదరాబాదు దానికి పడమరగా 78.4 డిగ్రీల వద్ద నున్నందున ఇచట సూర్యుడు ఆకాశమున అత్యున్నతస్థానమును చేరునది గడియారములో పన్నెండు గంటలకు గాక ఇంచుమించు పన్నెండుంబావునకు. అతినీలలోహితము పరాకాష్ఠనందునది అప్పుడే. నేల కాగి, గాలి వేడెక్కి, వడగాడ్పు ముఖమున కొట్టునది దాదాపు మూడు గంటలకు. కావున వేడినే నమ్ముకొన్న మనిషి మూడు గంటలకు నీడ వెదకి, పన్నెండున్నరకు ఉత్సాహముగా బయటకు నడచును. హైటెక్ సిటీ పరిసరములలోని దినచర్యయో సరిగా ఆ ఉత్సాహమునకే అనువుగా నున్నది: భోజనవిరామము పన్నెండున్నర, రెండు గంటల మధ్య వచ్చును, రాత్రి పదకొండు దాక సాగు రెండవ షిఫ్టువారు ఇంటినుండి బయలుదేరునదియు ఒంటిగంట ఎండలోనే.

ఈ కిరణముల తీవ్రతను కొలుచుటకు ప్రపంచ ఆరోగ్యసంస్థయు, ప్రపంచ వాతావరణసంస్థయు ఆమోదించిన యు.వి. సూచిక యనునది కలదు. నేడు చరవాణిలో వాతావరణము చూచు ప్రతివానికిని అది కనబడుచున్నను, ఉష్ణోగ్రతను చదివి దానిని దాటవేయుటయే మనకు అలవాటు. 2 వరకు స్వల్పము. 3 మొదలుకొని రక్షణ అవసరము. 8 మొదలుకొని అతితీవ్రము. 11, ఆపైన విపరీతము. ఏప్రిల్, మే నెలలలో నిర్మలాకాశమున హైదరాబాదు మధ్యాహ్నములు ఈ చివరి మెట్టును సునాయాసముగా చేరును. డిసెంబరు చలిలో సైతము ఇచటి మధ్యాహ్నసూర్యుడు క్షితిజమునకు 49 డిగ్రీల ఎత్తున నుండును గనుక, స్వెటరు వేసికొన్నవానికిని ఆ వేళ రక్షణ అక్కర యుండును. ఆగస్టు మబ్బులును నమ్మదగినవి కావు. పలుచని మబ్బు వేడిని తగ్గించునే గాని అతినీలలోహితములో అధికభాగమును లోనికి విడిచిపెట్టును. ఇవి ఏవియు చూడ తీరికలేనివారికి ఒక సులభమైన గురుతు గలదు: మీ నీడ మీ ఎత్తుకన్న పొట్టిగా నున్నంతసేపు కిరణము బలముగా నున్నదని గ్రహింపవలెను.

గాజు చేయు మోసము

అతినీలలోహితములో మన చర్మమునకు సంబంధించినవి రెండు తెగలు. 280 నుండి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గలవి యు.వి.బి. కిరణములు, ఇవి చర్మపు పైపొరలలోనే నిలిచి, ఎర్రగా కమిలించి, జీవకణములలోని డి.ఎన్.ఏ.ను సూటిగా గాయపరచును. చర్మమునకు విటమిన్ డిని తయారుచేసికొను శక్తి నిచ్చునవియు ఇవియే. 315 నుండి 400 నానోమీటర్ల వరకు నున్నవి యు.వి.ఏ. కిరణములు, ఇవి లోతునకు దిగి, చర్మపు బిగువును సడలించి, ముడుతలను, నల్లమచ్చలను కలిగించును. భూమిని చేరు అతినీలలోహితములో ఇంచుమించు 95 శాతము ఈ రెండవ తెగకు చెందినది.

సామాన్యమైన కిటికీ అద్దము యు.వి.బి.ని దాదాపు పూర్తిగా ఆపును, యు.వి.ఏ.లో చాలభాగమును లోనికి రానిచ్చును. గాజుమేడల కాలములో మనుష్యునికి ప్రాప్తించిన విచిత్రస్థితి ఇదియే: అద్దము ప్రక్క బల్లవద్ద ఎండ పొడలో కూర్చున్న ఉద్యోగికి ఎండ వలని ప్రయోజనమైన విటమిన్ డి దక్కకపోగా, ఎండ వలని నష్టములలో ఒక భాగము మాత్రము కలుగుచుండును. క్రొత్త భవనములకు వాడు పూతగల రెండుపొరల అద్దములు యు.వి.ఏ.ను గూడ చాలవరకు అరికట్టును గనుక అందరికిని భయము సమానము కాదు. కిటికీకి దూరముగా, నడిమి వరుసలలో కూర్చున్నవారికి దాదాపు లేదు. కారు సంగతి వేరు. ముందరి అద్దము రెండు గాజుపలకల నడుమ ప్లాస్టిక్ పొరతో చేయబడుట వలన యు.వి.ఏ.ను ఎక్కువగా ఆపును. ప్రక్క అద్దములు సాధారణముగా అట్లు చేయబడవు. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అను వైద్యపత్రిక ప్రకటించిన ఒక ఛాయాచిత్రము ఇందుకు జగత్ప్రసిద్ధమైన సాక్ష్యము: 28 ఏండ్లు సరకుబండి నడిపిన 69 ఏండ్ల అమెరికా డ్రైవరు ముఖములో కిటికీ వైపునున్న ఎడమభాగము కుడిభాగముకన్న ఎన్నో ఏండ్లు ముదిరినట్లు మడతలు పడి వ్రేలాడుచుండెను. మన దేశమున డ్రైవరు కుడివైపున కూర్చుండును గనుక మన క్యాబు డ్రైవరులకు ఆ చెంప కుడిచెంప యగును. అద్దములకు నల్లని ఫిల్ము అతికించుటను సుప్రీంకోర్టు 2012లోనే నిషేధించినందున, దినమెల్ల చక్రము పట్టువానికి మిగిలినవి చేతి తొడుగులు, లేపనములే.

విటమిన్ డి మాట వచ్చినది గనుక ఒక సందేహమును ఇక్కడనే తీర్చుట మేలు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన ప్రమాణముల ప్రకారము పెద్దలకు దినమునకు 600 అంతర్జాతీయ యూనిట్ల విటమిన్ డి అవసరము. మన అన్నము, పప్పు, కూరలలో అది స్వల్పము. ‘లేపనము పూసినచో ఆ విటమిన్ రాదు గదా’ అని పలువురు వెనుదీయుచున్నారు. జనులు నిత్యజీవితములో పూసికొను తీరున సన్‌స్క్రీన్ వలన విటమిన్ డి లోపము కలుగునట్లు పరిశోధనలలో రుజువు కాలేదు. ఉదయము తొమ్మిదికి ముందే క్యాబు ఎక్కి చీకటి పడినపిదప దిగు జీవితమే ఈ లోపమునకు పెద్ద కారణము. చేతులకు, కాళ్ళకు అప్పుడప్పుడు కొంచెము ఎండ తగులనిచ్చి, ముఖమును కాపాడుకొని, అనుమానమున్నచో రక్తపరీక్ష చేయించుకొని వైద్యుడు చెప్పిన మాత్ర వేసికొనుట ఉత్తమము. కిటికీ అద్దము వెనుక ఎండ కాగుట వలన ఈ విషయమున ఫలమేమియు లేదు.

మన చర్మము, మన భయము

సన్‌స్క్రీన్ ప్రచారములో అధికభాగము తెల్లని చర్మము గల దేశములనుండి వచ్చినది. అచ్చటి ప్రధానభీతి చర్మపు క్యాన్సరు. మనవారిలో ఆ వ్యాధి చాల అరుదు. చర్మమునకు రంగునిచ్చు మెలనిన్ స్వయముగా ఒక రక్షణద్రవ్యము: 1979లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరిశోధనలో నల్లజాతీయుల బాహ్యచర్మము సగటున 13.4 ఎస్.పి.ఎఫ్.తోను, తెల్లవారిది 3.4తోను సమానమైన రక్షణ నిచ్చునని తేలినది. మన చామనచాయ ఈ రెంటి నడుమ ఎక్కడనో నిలుచును.

అట్లని మనము నిశ్చింతగా నుండ వీలులేదు. మన చర్మమునకు కమిలిపోవు గుణము తక్కువ, నల్లబడి మచ్చ కట్టు గుణము ఎక్కువ. చెంపలపైనను, ముక్కుపైనను, నొసటిపైనను గోధుమవన్నెలో పరచుకొను మంగు ఇందులో ముఖ్యమైనది. గర్భవతులలోను, నడివయసు స్త్రీలలోను అది ప్రబలము. మంగుకు ఎండయే ఎరువు. ఎంత ఖరీదైన వైద్యము చేయించినను సన్‌స్క్రీన్ మానినచో అది తిరిగి వచ్చును. ఇందులో మరియొక విశేషము గలదు: అతినీలలోహితము మాత్రమే గాక కంటికి కనబడు వెలుగు సైతము మన వంటి చర్మములో మంగును పెంచును. తెల్లని లేపనములు ఈ వెలుగును ఆపజాలవు. ఐరన్ ఆక్సైడు కలిపిన లేతవర్ణపు లేపనములు, అనగా అంగళ్ళలో టింటెడ్ అని పిలుచునవి, ఆపగలవు. కావున మంగు గలవారు అట్టివానినే కోరవలెను. మొటిమలకై డాక్సీసైక్లిన్ మాత్రలు మ్రింగువారును, రెటినాయిడ్ క్రీములు రాయువారును ఎండకు మరింత సుకుమారులగుదురు గనుక వారికిని ఈ రక్షణ తప్పనిసరి.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. సన్‌స్క్రీన్ తెల్లబరచు మందు కాదు. ఉన్న రంగును ఎండ నుండి కాపాడుటయే దాని పని. తెల్లబడుటకని మందుల దుకాణములో నోటిమాటగా అడిగి తెచ్చుకొను స్టెరాయిడ్ కలిసిన క్రీములు మొదట మెరుపు చూపి, పిమ్మట చర్మమును పలుచబరచి, ఎండను అసలే సహింపలేని స్థితికి దెచ్చును. చర్మవైద్యులు వానికి విరుద్ధముగా ఎన్నో ఏండ్లుగా మొత్తుకొనుచున్నారు.

ట్యూబు మీది వ్రాత

ఆస్ట్రియాలో జన్మించిన ఫ్రాంజ్ గ్రైటర్ అను రసాయనశాస్త్రజ్ఞుడు 1938లో ఆల్ప్స్ పర్వతములలోని పిజ్ బుయిన్ శిఖరము నెక్కుచు మంచు మీది ఎండకు తీవ్రముగా కమిలిపోయి, ఆ బాధ నుండియే ఒక లేపనమును తయారుచేయ పూనుకొనెనని చెప్పుదురు. లేపనముల బలమును అంకెలతో పోల్చు ఎస్.పి.ఎఫ్. పద్ధతిని ప్రచారములోనికి తెచ్చిన కీర్తియు ఆయనదే. ఆ అంకె యర్థము ఇది: చర్మమును కమిలించు కిరణములలో ఎన్నవ వంతు లోనికి దిగునో అది తెల్పును. ఎస్.పి.ఎఫ్. 15 పదునైదవ వంతును, 30 ముప్పదవ వంతును, 50 ఏబదవ వంతును లోనికి విడుచును; అనగా ఆపునవి వరుసగా 93, 97, 98 శాతములు. అంకె 30 నుండి 50కి పెరిగినప్పుడు అధికముగా ఆగునది ఒక్క శాతమే గనుక వంద అంకె గలదానికై సొమ్ము ధారపోయుట అనవసరమని అనిపించును. ఐనను తక్కువ పూయుట మానవస్వభావము కావున 30కి మారుగా 50ని ఎన్నుకొనుట వివేకమే. పది నిమిషములలో కమిలిపోవువాడు 30 అంకె పూసినచో మూడువందల నిమిషములు నిర్భయముగా నుండవచ్చునను లెక్క మాత్రము తప్పు. చెమట, తుడుచుకొనుట, రాపిడి ఆ లెక్కను పట్టించుకొనవు.

ఎస్.పి.ఎఫ్. ప్రధానముగా యు.వి.బి.కి కొలత. యు.వి.ఏ.కు కొలతగా 1996లో జపానులో పుట్టిన పి.ఏ. పద్ధతిలో ఒకటి మొదలు మూడు వరకు కూడిక గుర్తులు వేయుచుండిరి. 2013లో నాలుగవ గుర్తు చేరినది. మూడు గాని, నాలుగు గాని గుర్తులున్నదానిని తీసికొనవలెను. గుర్తులు లేనిచో ‘బ్రాడ్ స్పెక్ట్రమ్’ అను మాటయైనను ఉండవలెను. మచ్చలే ముఖ్యశత్రువులైన మనవారు ఎస్.పి.ఎఫ్. అంకెను చూచి ఈ గుర్తులను చూడకుండుట సరికాదు. ‘వాటర్ రెసిస్టెంట్’ అనగా 40 గాని 80 గాని నిమిషములపాటు నీటిని, చెమటను తట్టుకొనునని భావము. ‘వాటర్‌ప్రూఫ్’ అని వ్రాయుటను అమెరికా ప్రభుత్వము 2011లోనే కూడదన్నది, ఏలయన ఎన్నటికిని కడుగుకొనిపోని లేపనము లేదు.

లోపలి ద్రవ్యములు రెండు జాతులు. జింక్ ఆక్సైడు, టైటానియమ్ డయాక్సైడు ఖనిజములు. సుకుమారచర్మమునకును, గర్భిణులకును సాధారణముగా వీనినే సూచింతురు, కాని చామనచాయపై తెల్లగా తేలుట వీని లోపము. అవోబెంజోన్, ఆక్టోక్రిలిన్, టినోసార్బ్ మొదలగునవి రసాయనద్రవ్యములు. ఇవి చర్మములో కలసిపోయి కనబడవు, కొందరికి కంటిలో మంట పుట్టించును. ఖనిజములు అద్దమువలె కిరణములను త్రిప్పికొట్టుననియు, రసాయనములు మాత్రమే పీల్చుకొనుననియు వ్యాపించిన మాట పూర్తిగా నిజము కాదు. ఖనిజములును ఎక్కువ భాగము పీల్చుకొనియే ఆపును. కొన్ని రసాయనములు స్వల్పముగా రక్తములో చేరునని 2019లో అమెరికాలో జరిగిన పరీక్షలు చూపినవి; దాని వలన హాని కలిగినట్లు మాత్రము ఆ పరీక్షలు చూపలేదు.

ఇక ఎన్నిక చర్మమును బట్టి, పనిని బట్టి. జిడ్డుముఖమునకు జెల్ గాని, మ్యాట్ రకము గాని, పొడిచర్మమునకు క్రీము, గడ్డము, రోమములు గల చోట్లకు పలుచని లోషన్. స్ప్రేలు చల్లినట్లుండును గాని చాలినంత అంటినదో లేదో తెలియదు. ధర హెచ్చినకొలది రక్షణ హెచ్చదు. హెచ్చునది సువాసనయు, స్పర్శసుఖమును. బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్సు నంబరు, వాడదగిన గడువు ముద్రింపబడి యున్నవో లేవో చూచి, క్రొత్తదానిని చెవి వెనుక రెండుమూడు దినములు రాసి దురద లేదని నిశ్చయించుకొని పిమ్మట ముఖమునకు వాడవలెను. కంప్యూటరు తెర నుండి వచ్చు నీలికాంతికి విరుగుడని ఐ.టి. ఉద్యోగుల నుద్దేశించి అమ్ము లేపనములకు ప్రత్యేకముగా సొమ్ము వెచ్చింప నక్కరలేదు. తెర విడుచు నీలికాంతి, ఎండలోని నీలికాంతితో పోల్చిన, లెక్కకు రానంత స్వల్పము. చీకటి పడినపిదప పనికి వెళ్ళి తెల్లవారకముందే ఇల్లు చేరు రాత్రి షిఫ్టువారు ఈ ఖర్చును నిరభ్యంతరముగా మిగుల్చుకొనవచ్చును.

కొలత

ఎస్.పి.ఎఫ్. అంకెను నిర్ణయించు పరీక్షలో చర్మపు ప్రతి చదరపు సెంటీమీటరునకు 2 మిల్లీగ్రాముల లేపనము పూయుదురు. జనులు స్వయముగా పూసికొనునది సాధారణముగా అందులో సగము, లేదా అంతకన్న తక్కువ. ఒక్క పలుచని పూతతో వెల్లవేసిన గోడపై పాతమరకలు కనబడినట్లే, సగము మోతాదులో పూసిన లేపనము గుండా కిరణము చొచ్చుకొనిపోవును. 50 అని వ్రాసియున్నదాని ఫలము ఆ అంకెకు ఎంతో దిగువకు పడిపోవును.

లెక్క కష్టము కాదు. పెద్దవారి ముఖము ఇంచుమించు 600 చదరపు సెంటీమీటర్లు. దానికి కావలసినది 1.2 గ్రాములు. మెడ, చెవులు కలిసినచో సుమారు 2 గ్రాములు. అనగా 50 గ్రాముల ట్యూబు ఇరువదియైదు మారులు వచ్చును; దినమునకు ఒకమారు పూయువానికి నెల నిండకముందే ముగియవలెను, రెండుమారులు పూయువానికి పక్షము దాటరాదు. ఒక ట్యూబు ఉగాదినాడు మొదలై వినాయకచవితి దాక వచ్చినదని పొదుపునకు సంతసించు గృహస్థుడు వాస్తవముగా సొమ్మును వృథా చేసినవాడే. అంతకన్న చౌకయైన లేపనమును కొని నిండుగా పూసియున్నచో అతనికి ఎక్కువ రక్షణ కలిగియుండెడిది.

తూకపురాళ్ళు లేకయే కొలుచుటకు వైద్యులు చెప్పు ఉపాయము గలదు: చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఈ రెంటి పొడవునను ట్యూబు నుండి చెరియొక చార పిండినచో ముఖమునకు, మెడకు సరిపోవును, ఒక్కొక్క చేతికి మరల అంతయే కావలెను. ఒకేమారు పూయుట జిడ్డనిపించినచో ఒక వ్రేలిది పూసి, అది ఆరిన పిదప రెండవదానిని పూయవచ్చును. మాయిశ్చరైజరు ముందు, సన్‌స్క్రీన్ తరువాత, అలంకరణ చివర. ఒకదానిలో ఒకటి కలిపి రాసినచో లేపనము పలుచనై కొలత చెడును. పౌడరులో, ఫౌండేషన్‌లో ఎస్.పి.ఎఫ్. ఉన్నదని దీనిని మానరాదు. అంత రక్షణకు ఆ పౌడరును ఎవరును పూయనంత మందముగా పూయవలసివచ్చును. చెవుల అంచులు, మెడ వెనుక భాగము, చేతి వెనుకభాగము, చెప్పులలోని పాదములు, పలుచబడిన పాపట, ఇవి చాలమంది మరచు చోట్లు.

ఇల్లు విడుచుటకు పదునైదు ఇరువది నిమిషములు ముందుగా పూయవలెను. ఎండలో నుండునంతసేపు రెండు గంటల కొకమారును, చెమటను తుడుచుకొన్న ప్రతిసారియు తిరిగి పూయవలెనని నియమము. ఉదయము మెట్రోలో రాయదుర్గము చేరి దినమెల్ల లోపలనే యుండువారు రెండు గంటల నియమమునకు కట్టుబడ నక్కరలేదు. ఉదయమొకమారు, భోజనమునకు బయటకు పోవునప్పుడు మరొకమారు, సాయంత్రము నాలుగు దాటక మునుపే ఇంటికి తిరుగువారైనచో ఇంకొకమారు చాలును. ట్యూబును స్కూటరు డిక్కీలో గాని, నిలిపిన కారులో గాని వదలరాదు. మన వేసవి వేడికి లోపలి ద్రవ్యములు విడిపోయి లేపనము పనికిరాకుండును.

నియమము తప్పక పూసినందువలన ఫలమున్నదా యను ప్రశ్నకు ఆస్ట్రేలియాలోని నాంబోర్ పట్టణమున 1992 నుండి 1996 దాక జరిగిన ప్రయోగము బదులిచ్చినది. ఒక వర్గమువారు ప్రతిదినము పూసిరి. రెండవ వర్గమువారు తమకు తోచినప్పుడు పూసిరి. చర్మము ముదురుట మొదటివారిలో 24 శాతము తక్కువగా నుండెనని 2013లో ప్రకటించిరి. అచటివారిది తెల్లని చర్మము గనుక ఆ శాతమును యథాతథముగా మనకు అన్వయింపరాదు. కాని ఇరువర్గములకును నడుమనున్న భేదము నిత్యాభ్యాసమే యను సంగతి ఎవ్వరికైనను వర్తించును.

బట్ట ముందు, లేపనము తరువాత

ఆస్ట్రేలియా ప్రజలకు 1981 నుండి నేర్పుచున్న ప్రసిద్ధమైన ఆరోగ్యపాఠములో వరుస ఇట్లున్నది: మొదట చొక్కా, తరువాత లేపనము, ఆపైన టోపీ. మన నగరపు స్త్రీలు ఈ వరుసను ఏ పాఠమును చదువకయే గ్రహించిరి. సైబర్ టవర్స్ కూడలిలో ఎర్రదీపము వద్ద ఆగిన స్కూటర్లను చూచినచో, చున్నీని తల చుట్టును, ముఖము చుట్టును త్రిప్పి కన్నులు మాత్రమే విడిచి కట్టి, భుజముల దాక చేతి తొడుగులు తొడిగిన యువతులు కనబడుదురు. దుమ్మునకు, ఎండకు కలిపి వారు కనిపెట్టిన ఈ వేషము శాస్త్రసమ్మతమైనది: దట్టముగా నేసిన, ముదురురంగు వస్త్రము పలుచని తెల్లబట్టకన్న అతినీలలోహితమును ఎంతో బాగుగా ఆపును, అది చెమటకు కరుగదు, రెండు గంటల కొకమారు మార్చ నక్కరలేదు. బట్ట కప్పని చోటికే లేపనము. పురుషులు ఈ విషయమున వెనుకబడియున్నారు. పొట్టిచేతుల చొక్కాతో మోటారుసైకిలు తోలువాని ముంజేతికి ఏ రక్షణయు లేదు. గొడుగును వానకే పరిమితము చేయుటయు మనవారి పొరపాటే. కన్నులకు యు.వి. 400 అని గుర్తుగల చలువకళ్ళజోడు వలయును. నల్లరంగు మాత్రమే గలిగి ఆ గుణము లేని అద్దములు పాపను విప్పారజేసి మరింత కీడు చేయగలవు. ఆరు నెలలు నిండని శిశువులకు లేపనము పూయక నీడలోనే ఉంచవలెను.

ఇంతవరకు చెప్పినది కొనగలవారికి. వెలుపలివారి సంగతి మిగిలియున్నది. రోజంతయు బండి మీద తిరుగు డెలివరీ యువకుడు నియమము ప్రకారము రెండు గంటల కొకమారు ముఖమునకు, మెడకు, చేతులకు పూసికొనవలెనన్నచో అతనికి 50 గ్రాముల ట్యూబు రెండుమూడు దినములైనను రాదు. అతని సంపాదనలో అది సాధ్యమగు ఖర్చు కాదు. కావున అతనికి సన్‌స్క్రీన్ కొనుమని బోధించుట కన్న పొడవుచేతుల పలుచని చొక్కాను, మెడ కప్పు తొడుగును సంస్థయే ఇచ్చుట, పన్నెండు మూడు గంటల నడుమ నిలుచుటకు నీడగల తావు చూపుట ప్రయోజనకరము. గేటు వద్ద గార్డునకు గొడుగో, కప్పుగల గుమటమో, కట్టడముపై కూలీకి మధ్యాహ్నపు విరామము ఒక గంట ముందునకు జరుపుటయో ఏ యాజమాన్యమునకును భారము కాదు. కాలిబాటలపై చెట్లు నాటుట, బస్సుస్టాపులకు కప్పు వేయుట నగరపాలకుల పని. ఒక వేపచెట్టు ఎస్.పి.ఎఫ్. అంకె లేకయే వందమందిని కాపాడును.

చర్మముపై ఉన్నట్టుండి పెరుగు పుట్టుమచ్చనో, మానని పుండునో, వ్యాపించు నల్లదనమునో చూచినచో ప్రకటనలను నమ్మక చర్మవైద్యుని దర్శించుట యుక్తము. తక్కినవారికి ఈ వేసవిలో చేయదగిన పరీక్ష ఒకటి కలదు. క్రొత్త ట్యూబు తెరచిన నాటి తేదీని దానిమీదనే కలముతో వ్రాసియుంచుడు. అది ముగియు తేదీని బట్టి మీరు ఎంత రక్షణ పొందుచున్నారో తెలియును. మూడు నెలలైనను ముగియనిచో అంకెను మార్చి మరియొక ట్యూబు కొనుట కన్న, ఉన్నదానినే రెండు వ్రేళ్ళ కొలతకు పెంచుకొనుడు.